బుట్టలో పిడికెడు ఎర

బుట్ట అల్లేవాళ్ళ పనితనం కంటికి కనిపిస్తుంది. వెదురు బద్దను ఎంత సన్నగా చీల్చాడు, లోపలికి వంచిన పుల్లల గొంతును ఎంత లెక్కగా బిగించాడు అన్నది చేతిలోకి తీసుకుని చూస్తే తెలిసిపోతుంది. అందుకే చేపల బుట్టల గురించి రాసినవాళ్ళంతా అల్లిక దగ్గరే ఆగిపోతారు. బుట్ట మధ్యలో పాత చీర పేలికలో కట్టి వేలాడదీసిన ముద్దను ఎవరూ విప్పి చూడరు. వాసన కొడుతుంది మరి. కానీ రాత్రి బుట్ట వేసి పొద్దున తీసే మనిషిని అడిగితే, అల్లిక సంతలో కొనుక్కోవచ్చు, ఆ ముద్ద మాత్రం కొనుక్కుంటే వచ్చేది కాదంటాడు. ఈ వ్యాసం ఆ ముద్ద గురించే.

నేను చెప్పే ముద్ద వేములపల్లి దగ్గర కట్టేది. వేములపల్లి నల్గొండ జిల్లాలో ఒక మండల కేంద్రం. మిర్యాలగూడ నుంచి నల్గొండకు పోయే దారిలో ఉంటుంది. సాగర్ ఎడమ కాలువ నీళ్ళతో బతికే ఊరు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశాడు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలింది. ఎడమ కాలువకు లాల్ బహదూర్ కాలువ అని పేరు పెట్టారు గానీ ఆ పేరు కాగితాల మీదే ఉండిపోయింది, జనానికి అది సాగర్ కాలువే. ఆ నీళ్ళతో వరి వచ్చింది, వరి వెంట మిర్యాలగూడ రైస్ మిల్లులు వచ్చాయి. ఎవరూ ప్రారంభోత్సవం చేయకుండానే వచ్చినవి ఇంకొన్ని ఉన్నాయి. పిల్ల కాలువల్లో రొయ్యలు, పొలం గట్ల బొక్కల్లో ఎండ్రికాయలు. కోస్తావాళ్ళు పీతలనేది వీటినే.

బుట్టపెట్టి ఎరతో పట్టే జీవాల్లో లోకమంతటా పేరున్నది లాబ్‌స్టర్. అది సముద్రపు రాళ్ళ మధ్య బతికేది, ఇక్కడ దొరకదు. దాని చుట్టాలు మాత్రం దొరుకుతాయి. లాబ్‌స్టర్, రొయ్య, ఎండ్రికాయ మూడూ పదికాళ్ళ జాతివే. మూడూ ఎక్కువగా చీకటి పడ్డాకే మేతకు కదులుతాయి. తిండి ఎక్కడుందో వెతకడంలో కంటికంటే వాసననే నమ్ముతాయి. కాబట్టి అమెరికా ఈశాన్య తీరంలో మెయిన్ రాష్ట్రపు జాలరి హెర్రింగ్ చేపను సంచిలో పెట్టేటప్పుడు వేసుకునే లెక్క, వేములపల్లి దగ్గర తూము పక్కన కోడి పేగులు కట్టే మనిషి లెక్క దాదాపు ఒకటే. ఆయనకు ఓడ ఉంది, ఈయనకు సైకిలుంది, అంతే తేడా.

ముందు ఆ జీవం ముక్కు గురించి తెలియాలి. రొయ్యకుగానీ ఎండ్రికాయకుగానీ తల ముందు రెండు జతల మీసాలుంటాయి. పొడుగ్గా కనిపించేవి తడుముకోవడానికి. వాటి పక్కనే ఉండే పొట్టి జత అసలు ముక్కు. అది మాటిమాటికీ చటుక్కున కొట్టుకుంటూ ఉంటుంది. నీళ్ళను అలా చిలికి కొత్త నీటిని వెంట్రుకల మధ్యకు తెచ్చుకోవడమే వాసన చూడటం. నడిచే కాళ్ళ కొసలకు రుచి కూడా తెలుస్తుంది. అంటే దూరం నుంచి మీసాలు పిలుచుకొస్తాయి, దగ్గరికొచ్చాక కాళ్ళు రుచి చూసి నోటికి అందించాలా వద్దా తేలుస్తాయి. ఎర రెండు పరీక్షలూ నెగ్గాలి. దూరానికి వాసన పంపి, తీరా ముట్టుకుంటే పనికిరాని ముద్ద అయితే జీవం బుట్టదాకా వచ్చి వెనక్కి పోతుంది. చాలామంది కొత్తవాళ్ళ ఎర ఇక్కడే ఓడిపోతుంది.

వాసన నీళ్ళలో అగరుబత్తి పొగలాగా ఒకవైపుకే సాగుతుంది. పారే కాలువలో అది దిగువకు పోతుంది, ఎగువనున్న ఎండ్రికాయకు మూరెడు దూరంలో ఎర ఉన్నా తెలియదు. దిగువనున్నది ఆ వాసన దారి పట్టుకుని ఎదురు నడిచి వస్తుంది. అందుకే పని తెలిసినవాళ్ళు బుట్ట మూతిని దిగువకు తిప్పి పెడతారు. వచ్చేది వచ్చిన దారినే నేరుగా గొంతులోకి దిగాలి. మూతి ఎగువకు ఉంటే అది వెనకవైపు బద్దల దగ్గర చేరి, సందుల్లోంచి కాలు పెట్టి లాగుతూ తెల్లారేదాకా అక్కడే ఉంటుంది. ఇలా బుట్ట బయట కూర్చుని ఎర తిని పోయినవాటికి లెక్కలేదు. ఎరను గోడకు ఆనించకుండా సరిగ్గా మధ్యలో, ఏ వైపు నుంచి కాలు చాచినా అందనంత దూరంలో వేలాడదీయడం వెనకున్న కారణం కూడా ఇదే.

సాగర్ కాలువకు ఇంకో గుణముంది. అది నది కాదు, వారబందీ నీళ్ళు. వారం వస్తాయి, వారం ఆగుతాయి. నీళ్ళు జోరుగా ఉన్నప్పుడు వాసన దూరం పోతుంది గానీ పల్చబడిపోతుంది, ఎర తొందరగా కడిగేసుకుపోతుంది. అప్పుడు గట్టి ఎర కావాలి, గుడ్డ రెండు చుట్లు చుట్టాలి. నీళ్ళు ఆగి తూముల దగ్గర మడుగులు మిగిలినప్పుడు వాసన ఎటూ పోదు, ఎర చుట్టూనే నిలిచిపోతుంది. అప్పుడు పలచని గుడ్డ, మెత్తని ముద్ద, ఎక్కువ బుట్టలు. ఒకే మనిషి సోమవారం ఒక ఎర, గురువారం ఇంకో ఎర కట్టడం చూసి దాన్ని చాదస్తం అనుకుంటారు. ఆ రెండు రోజుల మధ్య కాలువ మారిందన్నది గమనించరు.

ఇక ముద్దలో ఏముందో చూద్దాం. గట్టు మీద పొద్దుగూకే వేళ సాధారణంగా వినబడే మాటలు ఇవి:

“ఏం కట్టినవే అన్నా ఇయ్యాల?”

“ఏముంటది తమ్మీ, కోడి పేగులే.”

ఈ జవాబు సగమే నిజం. కోడి పేగులు అందరూ వాడతారు, ఎందుకంటే చికెన్ దుకాణం ప్రతి ఊళ్ళో ఉంది, పేగులు ఊరికే ఇస్తారు. కానీ కోడిలో ఏ భాగం అన్నది ఎవరూ నోరు విప్పి చెప్పరు. ఉత్త పేగు మెత్తగా ఉండి ఒక రాత్రిలో చీకిపోతుంది. కోడి తలకాయ, మెడ అయితే చర్మం, నరం, ఎముక పట్టుకుని ఉంటాయి, ఎండ్రికాయ ఎంత పీకినా అయిపోదు. కాలేజా ముక్కలో నెత్తురు ఎక్కువ, మొదటి గంటలో దాన్ని మించిన పిలుపు లేదు, మూడో గంటకు అది వట్టి పీచు. అందుకని తెలిసిన చెయ్యి రెండూ కలుపుతుంది. పిలవడానికి కాలేజా, కూర్చోబెట్టడానికి మెడ. నా ఉద్దేశంలో ఈ ఒక్క జోడింపులోనే ఈ వృత్తి బుద్ధంతా కనబడుతుంది. పిలిచే ఎర వేరు, ఆపే ఎర వేరు అని తెలిసినవాడే పనివాడు.

ఆపడం ఎందుకు అంత ముఖ్యమో తెలుసుకోవాలంటే మళ్ళీ మెయిన్ వైపు పోవాలి. అక్కడి లాబ్‌స్టర్ బోనుకు రెండు గదులుంటాయి. మొదటి గదిలో ఎర సంచి, రెండో గదిలోకి దారితీసే వల గొంతు. ఈ ఏర్పాటు చూసి, ఒకసారి లోపలికి పోయింది ఇక రాదనే అంతా అనుకునేవాళ్ళు. పొరుగునున్న న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు బోను మీద కెమెరా బిగించి సముద్రంలోకి దింపి, తాము చూసినదాన్ని 2001లో అచ్చు వేశారు. లోపలికి వెళ్ళిన లాబ్‌స్టర్లలో నూటికి 94 మళ్ళీ బయటికి పోయాయి. అందులో ఎక్కువ భాగం వచ్చిన దారినే పోయాయి. తీరిగ్గా వచ్చి, తిని, పోయాయన్నమాట. పైగా లోపలున్నది బయట ఉన్నదాన్ని రానివ్వకుండా గొంతు దగ్గరే తన్నులాట. బోను అనేది మూసిన గది కాదు, తెరిచి పెట్టిన హోటలు అని తేలింది. జాలరి బోను పైకి లాగే సమయానికి ఎవరు ఇంకా తింటూ ఉన్నారో వాళ్ళే దొరుకుతారు. ఎర అయిపోయిన బుట్ట నుంచి బయటపడటం వెదురు గొంతు ఎంత బిగువుగా ఉన్నా అసాధ్యమేమీ కాదు. కాబట్టి తెల్లవారుజామున కూడా కొంచెం మిగిలి ఉండే ఎర కావాలి. మెడ ముక్క చేసే పని అదే. మెయిన్‌వాళ్ళు ఇదే పని కోసం హెర్రింగ్‌ను ఉప్పులో ఊరబెడతారు, కొందరు పశువుల తోలు ముక్కలు కూడా వాడతారు. ఉప్పు కుళ్ళును ఆలస్యం చేస్తుంది, తోలు ఎంత పీకినా చిరగదు.

మన దగ్గర కుళ్ళు గురించి ఒక అపోహ గట్టిగా నాటుకుపోయింది. ఎంత కంపు కొడితే అంత మంచి ఎర అని. మనిషి ముక్కుకు దూరం నుంచి తగిలేది రొయ్య మీసానికీ తగులుతుందన్న లెక్క అది. కాలిఫోర్నియా తీరంలోని ముళ్ళ లాబ్‌స్టర్ల మీద 1980లలో రిచర్డ్ జిమ్మర్-ఫాస్ట్ చేసిన పరిశోధన దీనికి ఎదురు చెప్పింది. బతికున్న కండలో శక్తిని మోసే ఏటీపీ అనే పదార్థం వాటిని గట్టిగా లాగుతుంది. కండ చచ్చిపోయాక ఆ ఏటీపీ విరిగి ఏఎంపీగా మారుతుంది, అది ఆ ఆకర్షణను అణిచేస్తుంది. కుళ్ళినప్పుడు పుట్టే అమ్మోనియా కూడా అంతే. అంటే తాజా ఏదో, పాతది ఏదో చెప్పే కొలబద్ద వాటి మీసాల్లోనే ఉంది. నల్గొండ జిల్లా ఎండల్లో ఇది చిన్న విషయం కాదు. పొద్దున తెచ్చిన పేగులు సాయంత్రానికి నీలం తిరుగుతాయి. అనుభవమున్నవాళ్ళు దుకాణం మూసే వేళకు పోయి తెస్తారు, లేదా తెచ్చినదానికి ఉప్పు పట్టించి తడి గోనె సంచిలో చుట్టి నీడన పెడతారు. వాళ్ళకు ఏటీపీ పేరు తెలియదు. దాని గడువు తెలుసు.

ఇక తవుడు. మిర్యాలగూడ చుట్టుపక్కల బతుకుతూ తవుడు వాడకపోతే ఎట్లా? కానీ తవుడంతా ఒకటి కాదు. పచ్చి బియ్యం ఆడించిన తవుడులో నూనె విరిగిపోయే గుణముంది, నాలుగు రోజులు పెడితే ముక్కిన వాసన వస్తుంది. ఉడకబెట్టిన వడ్లు ఆడించిన బాయిల్డ్ తవుడులో ఆ విరుపు తెచ్చే పదార్థం వేడికి చచ్చిపోతుంది, అందుకే అది ఎక్కువ రోజులు నిలుస్తుంది, నూనె కూడా అందులో ఎక్కువ. ఉడకబెట్టిన వడ్ల మిల్లులకు పేరుపడ్డ చోట ఎర కట్టేవాళ్ళకు ఇది అయాచితంగా దొరికిన వరం. నూనె తీసేసిన తవుడు మాత్రం ఎరకు పనికిరాదు. అది కోస్తా చెరువుల్లో చేపల మేతకు లారీల కొద్దీ పోతుంది, అక్కడ చేపకు వేరే దారి లేదు గనుక తింటుంది. కాలువలో రొయ్యకు బోలెడు దారులున్నాయి.

తవుడును పొడి మూకుడులో వేయించి, పల్లి చెక్క నలగ్గొట్టి కలిపి, జిగట మట్టితో పిసికి ఉండ చేస్తారు. మట్టి ఎందుకంటే ఉండ ఒక్కసారిగా విచ్చిపోకుండా పొరలు పొరలుగా కరగడానికి. మట్టి ఎక్కువైతే ఉండ రాయి అవుతుంది, తక్కువైతే పావుగంటలో పోతుంది. ఈ పాళ్ళు నోటితో చెప్పేవి కావు. ఉండను చేత్తో ఒత్తితే అంచు పగలాలి గానీ నడిమి విరగకూడదు, అదొక్కటే కొలత. ఈ ఉండ రొయ్యలకు, చిన్న చేపలకు బాగా పనిచేస్తుంది. ఎండ్రికాయకు అంతగా కాదు. రొయ్య తన ముందు కాళ్ళ సన్నటి చిమటాలతో రేణువు రేణువు ఏరుకుని తింటుంది, దానికి పొడి కావాలి. ఎండ్రికాయ కొండితో పట్టి చింపుకుని తింటుంది, దానికి కండ కావాలి. తినే పద్ధతిని బట్టి ఎర. ఇంత సూటి సంగతిని పట్టించుకోకుండా రెంటికీ ఒకే ముద్ద కట్టి, కాలువలో సరుకు లేదని తిట్టుకునేవాళ్ళను ఏమనాలి?

నత్తల గురించి ఒక మాట. వరి మడిలో దొరికే నత్తగుల్లను రాయితో చితక్కొట్టి గుల్లతోపాటే మూట కడితే, అది ఎండ్రికాయలకు మంచి ఎర. అది వాటి మామూలు తిండే గనుక అనుమానం రాదు. డబ్బు ఖర్చు లేదు. కానీ చితక్కొట్టిన వెంటనే నీళ్ళలో పడాలి. వానపాములు కూడా అంతే, రొయ్యల బుట్టలో అవి బాగా పనిచేస్తాయి, కాకపోతే వానలు ఆగాక తవ్వి తీయడమే పని.

ఎరగా పెట్టకూడనిది ఒకటుంది, అది చచ్చిన సాటి జీవం. కిందటి రాత్రి బుట్టలో చచ్చిన ఎండ్రికాయను మళ్ళీ ఎరలో కట్టడం పొదుపు అనిపిస్తుంది. అది బుట్టను పాడుచేస్తుంది. పదికాళ్ళ జాతిలో చాలావాటికి తమ జాతి జీవం చితికిన వాసన తగిలితే ప్రమాద సూచన, అక్కడి నుంచి తప్పుకుంటాయి. అదే, బతికున్న తోటిది ఉంటే కొన్ని జాతులు దగ్గరికి చేరతాయి. ఫ్లోరిడాలో ముళ్ళ లాబ్‌స్టర్ పట్టేవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా బోనులో తిండి కాకుండా పిల్ల లాబ్‌స్టర్లను ప్రాణాలతో ఎరగా పెడుతున్నారు. వాటి వాసనకు మిగతావి ఇక్కడ దాక్కోవడానికి మంచి చోటుందని వస్తాయి. ఆకలికి కాకుండా తోడుకోసం వచ్చే జీవాన్ని పట్టడానికి ఇది కనిపెట్టిన ఉపాయం. మన బుట్టలకు ఇది పనికిరాదు, ఎండ్రికాయలు ఒకదాన్నొకటి కొరుక్కునేవే తప్ప గుంపు కట్టేవి కావు. అయితే బుట్ట తీశాక గుడ్డను ఉతికి ఎండేయడం, బద్దలను గడ్డితో తోమి కడగడం ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది. చూసేవాడికి శుభ్రం, పనివాడికి ఎర వేయడంలో అది సగం.

ఏ ఎరా పనిచేయని రాత్రులుంటాయి. గుల్ల విడిచే ముందూ, విడిచిన వెంటనే ఎండ్రికాయ ఏమీ తినదు, బొక్కలోంచి రాదు. ఆ గుల్ల విడిచే గడియారం దాని కంటి కాడల్లోని గ్రంథుల చేతిలో ఉందని చెప్పే పరిశోధనలో తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగానిది పెద్ద వాటా. వాళ్ళు ఏళ్ళ తరబడి పనిచేసింది మన వరి మళ్ళ ఎండ్రికాయ మీదే. పొలాల్లో మందు కొట్టి నీళ్ళు కాలువలోకి వదిలిన రోజూ అంతే, బుట్టలు ఖాళీ. దానికి ఎరను నిందించి లాభం లేదు.

నీలకంఠ రొయ్య సంగతి వేరే. నీలి కొండెలుండే ఈ పెద్ద రొయ్య మంచినీళ్ళలో పెరుగుతుంది గానీ దాని పిల్లలు ఉప్పు కలిసిన నీళ్ళలోనే బతుకుతాయి. ఈ రహస్యాన్ని 1961లో మలేషియాలోని పెనాంగ్‌లో షావో-వెన్ లింగ్ అనే శాస్త్రవేత్త బయటపెట్టాడు. గుడ్లతో ఉన్న తల్లి సముద్రపు ముఖద్వారం దాకా దిగిపోవాలి, పిల్లలు మళ్ళీ ఎదురెక్కి రావాలి. కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ 1957లో, సాగర్ ఆ తరవాత, పులిచింతల 2013లో అడ్డుపడ్డాక ఆ రాకపోకలు ముగిసినట్టే. ఇప్పుడు ఎగువన దొరికే నీలకంఠ ఎక్కువగా హేచరీలో పుట్టి జలాశయాల్లో వదిలిన పిల్లల నుంచి వచ్చిందే. దానికి మాంసం వాసనతో పాటు చెక్క, తవుడు వాసన కూడా పడుతుంది. దాని బుట్టలో తవుడు ఉండ పక్కన చిన్న చేప ముక్క పెడితే చాలు.

కోస్తాలో మడ అడవుల దగ్గర మండ పీతలు పట్టేవాళ్ళు ఇదే శాస్త్రాన్ని ఇంకో మెట్టు ఎక్కించారు. వాళ్ళకు పోటు, పాటు నీళ్ళ వేళలతో పని. నీళ్ళ దిశ రోజుకు నాలుగు సార్లు తిరగబడుతుంది, కాబట్టి వాసన దారి కూడా తిరగబడుతుంది. పాము చేప లాంటి గట్టి చర్మమున్న ఎర వాళ్ళకు ఇష్టం. మా కాలువ మనుషులు వాళ్ళను చూసి నేర్చుకోలేదు, వాళ్ళు మెయిన్‌ను చూసి నేర్చుకోలేదు. చర్మమున్నది నిలుస్తుంది, నెత్తురున్నది పిలుస్తుంది అని ఎవరికి వాళ్ళు తేల్చుకున్నారు. నాకు ఇందులో అన్నిటికంటే అబ్బురం కలిగించేది ఇదే.

ఈ పనికి ఎదురుగా అడ్డదారి ఒకటుంది. నీళ్ళలో మందు కలపడం, తూటాలు పేల్చడం. 1897 నాటి భారత మత్స్య చట్టం నుంచి రెండూ నేరమే. మందుకు ఎర ఎంచే తెలివి అక్కర్లేదు, పిల్లా తల్లీ తేడా అంతకంటే తెలియదు. బుట్టకు తెలుసు. బుట్టలో పడ్డదాన్ని ప్రాణంతో చూసి, వద్దనుకుంటే వదిలేయవచ్చు. వరి మళ్ళ ఎండ్రికాయకు గుడ్లే కాదు, పొదిగిన పిల్లలు కూడా తల్లి పొట్ట కింది మడతలోనే కొన్నాళ్ళు ఉంటాయి. అలాంటి తల్లి ఎర కోసం వచ్చి బుట్టలో చిక్కితే మళ్ళీ నీళ్ళలో వేయండి. పట్టేవాళ్ళకే కాదు, కొనేవాళ్ళకు కూడా ఈ మాట. వేములపల్లి, మిర్యాలగూడ సంతల్లో పొట్ట మడత ఉబ్బిన ఎండ్రికాయలు కనిపిస్తే వాటికి బేరం చేయకండి.